గ్రౌండ్‌కు వంగపండు రంగు

ఎడమచేతి బొటనవేలికి పొక్కు ఇంకా తగ్గలేదు. అందుకని ఇదంతా కుడిచేత్తోనే టైప్ చేస్తున్నాను. అచ్చుతప్పులుంటే వాటి బాధ్యత మా బావమరిదిదే.

మా అటక మీద పాత ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ ఒకటుంది. మొన్న దించి ఆన్ చేస్తే తెర మీద E79 అనే ఎర్రర్ చూపించి అక్కడే ఆగిపోయింది. రిపేర్ షాపుకు తీసుకెళ్తే అతను కనీసం మూత విప్పలేదు. "బోర్డు పోయింది సార్, మార్చాలి" అన్నాడు. డాక్టరు నాడి చూడకుండానే పాడె కట్టమన్నట్టుంది. ఇంటికొచ్చి బావమరిదికి ఫోన్ చేశాను.

"బోర్డేం పోలేదు బావా. మెమొరీ చిప్‌లో ఏదో చెడి ఉంటుంది. ముందు దాన్ని చదివి చూద్దాం. ఏడు తీగలు సోల్డర్ చేసి కంప్యూటర్‌కు కలపడమే."

"కలపడమే"లో ఉన్న ఆ చివరి "మే"ని ప్రభుత్వం నిషేధించాలి. జీవితంలో నా చేతులు కాలిన ప్రతిసారీ ముందు ఎవరో ఒకరు ఆ "మే" అనే ఉంటారు.

కాసేపటికి వాట్సాప్‌లో బొమ్మ పంపాడు. బోర్డు ఫోటో మీద ఏడు రంగుల గీతలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఎలక్ట్రానిక్స్‌లో నలుపంటే గ్రౌండ్, అంటే కరెంటు తిరిగెళ్లే తీగ అని అందరూ ఒప్పుకున్న సంగతి. మన ఇళ్ల వైరింగ్‌లోనైతే ఎర్త్ తీగ ఆకుపచ్చ. వీడు మాత్రం గ్రౌండ్‌కు వంగపండు రంగు గీశాడు. చదువుకున్నవాడు, ఏదో కారణం ఉండే ఉంటుందనుకున్నాను. అక్కడే దెబ్బతిన్నాను.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, నాలుగు షాపుల్లో వంగపండు రంగు తీగ కావాలని అడిగాను. నాలుగో షాపతను కౌంటర్ మీద మోచేతులు ఆనించి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"తీగకు రంగుతోని ఏం పనన్నా? కరెంటుకు కండ్లుంటయా?"

నా వెనక నిలబడ్డ పాలిటెక్నిక్ కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. రెసిస్టర్ల కలర్ కోడ్ వీళ్లు పుట్టకముందే బట్టీ పట్టినవాణ్ణి నేను. నలుపు సున్నా, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, అలా తెలుపు తొమ్మిది దాకా. ఆ సంగతి వాళ్లకు చెప్పాలనిపించింది, కానీ ఎవరూ అడగలేదు. ఐదో షాపులో పది రంగులూ అతుక్కుని ఉండే రిబ్బన్ కేబుల్ దొరికింది. ఒక్క తీగ కోసం మీటరు కొన్నాను.

ఆదివారం రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద పని మొదలుపెట్టాను. ఒక చేతిలో సోల్డరింగ్ ఐరన్, ఇంకో చేతిలో తీగ. మరి బొమ్మ చూసి చెప్పేదెవరు? మా ఆవిడ సీరియల్ మధ్యలో ఉంది. అమ్మ ముందుకొచ్చింది. రెండు నెలల కింద కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పటినుంచి రంగులన్నీ కడిగిపెట్టినట్టు కనిపిస్తున్నాయని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతోంది. ఫోన్ అమ్మ చేతికిచ్చాను.

"మొదటి చిల్లుకు ఏ రంగమ్మా?"

"కనకాంబరం."

"అంటే నారింజా?"

"నారింజ వేరు, కనకాంబరం వేరు. నీ పెళ్లికి మీ మేనత్త కట్టుకొచ్చింది చూడు, ఆ రంగు."

పెళ్లిలో మేనత్త చీర రంగు గుర్తున్న పెళ్లికొడుకు ఈ భూమ్మీద ఉంటాడా? నారింజ తీగే అతికించాను. సోల్డర్ కరిగి వెండి చుక్కలా నిలిచింది, చిన్న పొగ లేచింది. రెండో చిల్లు.

"చిలకపచ్చ. కాదు కాదు, ఆకుపచ్చే. ఉండు, దీపం కింద చూస్తా."

అమ్మ ఫోన్ పట్టుకుని పూజగది దాకా వెళ్లింది. ఐరన్ పట్టుకుని నేను ఇక్కడ విగ్రహంలా కూర్చున్నాను. పూజగదిలోంచి కేక వచ్చింది.

"నెమలికంఠం రా!"

నా దగ్గరున్నవి పచ్చ ఒకటి, నీలం ఒకటి. నెమలికంఠం ఆ రెంటి మధ్యా ఎక్కడో ఉంటుంది. చీరల షాపులో కౌంటర్ ఎక్కి కూర్చున్నట్టయింది నా పరిస్థితి. ఇంకాసేపుంటే అంచు ఏ రంగో, జాకెట్టు ముక్క ఉందో లేదో కూడా తేలేది. ఈలోగా తీగకు బదులు నా బొటనవేలు అంటుకుంది. సీసం కలిసిన మామూలు సోల్డర్ కరగడానికి 183 డిగ్రీలు దాటాలి. వేలు అంతదాకా ఆగదు.

అమ్మ తిరిగొచ్చి ఒకసారి ఫోన్లోకి, ఒకసారి బోర్డులోకి చూసింది.

"ఒరే, బొమ్మలో ఈ మేకు చిల్లు ఎడమవైపు ఉంది. నీ ముందున్నదాంట్లో కుడివైపుందేమిట్రా? జాకెట్టు గుడ్డ తిరగేసి కత్తిరించినట్టు లేదూ?"

"అమ్మా, నువ్వు రంగు చెప్పు చాలు" అన్నాను. ఈ వాక్యాన్ని నా చేత పదేపదే రాయిస్తే బాగుంటుంది.

పదకొండున్నరకు ఏడు తీగలూ పూర్తయ్యాయి. కన్సోల్ ఆన్ చేయకూడదు, ప్లగ్ మాత్రం పెట్టి ఉంచాలి, అలాగే ఉంచాను. చిప్‌ను చదివే రీడర్‌ను కంప్యూటర్‌కు తగిలించాను. చదవాల్సింది మొత్తం 16 ఎంబీ. మా అమ్మాయి తీసే పిల్లి వీడియో ఒక్కటే అంతకంటే పెద్దది. కనీసం రెండుసార్లు చదివి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చుకోవాలని బావమరిది మరీ మరీ చెప్పాడు. చదివాను. రెండుసార్లూ అచ్చం ఒకేలా వచ్చింది: ఫ్లాష్ కాన్ఫిగ్, అంటే చిప్ తన రకం చెప్పుకునే సంఖ్య, 00000000. చిప్ అసలు పలకనే లేదన్నమాట.

అర్ధరాత్రి వీడియో కాల్ చేశాను. బోర్డు చూపించగానే వాడు నవ్వడం మొదలుపెట్టాడు.

"బావా, ఆ బొమ్మ బోర్డు అడుగువైపుది. నువ్వు పైన అతికించావ్."

"ఆ ముక్క బొమ్మ మీద రాయొచ్చుగా?"

"చూస్తే తెలుస్తుందిగా బావా."

అవును, తెలుస్తుంది. శుక్లాలు తీయించుకున్నవాళ్లకు తెలిసింది.

"మరి గ్రౌండ్‌కు వంగపండు ఎందుకు గీశావ్?"

"ఆరోజు చేతికి అదే దొరికింది. రంగు ఏదైతే ఏముంది?"

హాల్లోంచి మా ఆవిడ అందుకుంది. "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనండీ, అన్నీ ఈజీగా చేసేస్తాడు." ఇందులో నన్నన్నది ఎక్కడో ఉంది, వెతికి పట్టుకునే ఓపిక లేక పడుకున్నాను.

పొద్దున లేచేసరికి ఫోన్లో కొత్త బొమ్మ ఉంది. "రంగులతో కన్ఫ్యూజ్ అయ్యావుగా బావా, ఈసారి క్లియర్‌గా గీశాను" అని కింద రాశాడు. ఏడు గీతలూ నల్లవే. ఇది పైవైపో అడుగువైపో మాత్రం ఎక్కడా లేదు.

ఫోన్ తీసుకెళ్లి అమ్మకిచ్చాను.