రెండో హెల్మెట్ ఎవరు కొనాలి?

విశాఖలో హనుమంతవాక నుంచి మధురవాడ వైపు జాతీయ రహదారి మీద సాయంత్రం పూట కాసేపు నిలబడి చూస్తే చాలు. వీపున డెలివరీ బ్యాగుతో ఒకరు, వెనక సీట్లో ప్యాసింజర్‌తో ఇంకొకరు రాంగ్ రూట్లో రోడ్డు వార పట్టుకుని ఎదురొస్తుంటారు. యూటర్న్ దాకా వెళ్లి రావాలంటే పెట్రోలూ పోతుంది, టైమూ పోతుంది. బైక్ టాక్సీ ఎక్కినవారికి హెల్మెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నా బకిల్ పడదు. పోలీసు కనబడగానే నెత్తికెక్కి, సిగ్నల్ దాటగానే మోచేతికి దిగుతుంది.

ఇది తప్పే, సందేహం లేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవారితో పాటు వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి. 2019 సవరణ తర్వాత జరిమానా వెయ్యి రూపాయలు, పైగా మూడు నెలలు లైసెన్సుపై వేటు. రోజంతా తిరిగి పెట్రోలు ఖర్చు పోను కొన్ని వందలు మిగుల్చుకునే మనిషికి అది చిన్న దెబ్బేం కాదు. అయినా వెరవడం లేదంటే కారణం ఉంది. పోలీసుకు దొరికితే దొరకొచ్చు, లేకపోతే లేదు. ఆర్డరు లేటయితే మాత్రం రేటింగ్‌కు గండే. ఆ టెన్షన్ చలానా భయాన్ని మింగేస్తోంది.

మా అభ్యంతరం ఇక్కడే. రైడ్ అప్పగించేది యాప్ కంపెనీ, కిరాయి లెక్కగట్టేది కంపెనీ, కమీషనో సబ్‌స్క్రిప్షనో పుచ్చుకునేదీ కంపెనీయే. చలానా మాత్రం బండి నంబరు మీద పడుతుంది.

నైజీరియాలో 2009 జనవరిలో ఒకాడా బైక్ టాక్సీల వారికి హెల్మెట్ తప్పనిసరి చేస్తే, కొందరు ఎండిన ఆనపకాయ బుర్రలు, పెయింటు డబ్బాలు నెత్తిన బోర్లించుకుని తిరిగారు. నవ్వొస్తుంది గానీ, మన ఫుట్‌పాత్‌ల మీద ఐఎస్‌ఐ గుర్తు లేకుండా అమ్మే డిప్పలు వాటికంటే ఏపాటి నయం? వియత్నాం 2007 డిసెంబరు 15 నుంచి అన్ని రోడ్లపైనా హెల్మెట్ నిబంధన పెట్టి, పట్టు సడలనివ్వలేదు. పెట్టుకునేవారు తొంభై శాతం దాటారు. రువాండా రాజధాని కిగాలీలో మోటో టాక్సీవాలా ప్యాసింజర్‌కూ హెల్మెట్ ఇవ్వాలి, నంబరున్న జాకెట్ వేసుకోవాలి. రువాండా మనకన్నా సంపన్నమైన దేశమేమీ కాదు.

యాప్ ద్వారా టాక్సీలు నడిపే కంపెనీలకు (అగ్రిగేటర్లకు) 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు, రాష్ట్రం ఒప్పుకుంటే తెల్ల నంబరు ప్లేటున్న సొంత వాడకం బైకుల మీదా ప్రయాణికులను ఎక్కించుకోవచ్చన్నాయి. డ్రైవరుకు కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా కంపెనీయే చూడాలనీ చెప్పాయి. సొంత వాడకానికి కట్టిన బండి పాలసీ కిరాయికి తిరిగే కుర్రాడికి అక్కరకు రాకపోవచ్చన్న సంగతి ఆసుపత్రి బిల్లు చేతికొచ్చాక గానీ తెలియదు.

స్పెషల్ డ్రైవ్‌ల పేరిట మద్దిలపాలెంలోనో ఎన్ఏడీ కూడలిలోనో నాలుగు రోజులు ఆపి ఫొటోలు తీస్తే ఒరిగేదేమీ లేదు. రైడ్‌లో ఉండగా పడిన ప్రతి చలానా కంపెనీ ఖాతాలోనూ నమోదు కావాలి. రాంగ్ రూట్ ఎక్కువగా ఎక్కడ నడుస్తోందో ట్రాఫిక్ పోలీసులకు తెలియనిది కాదు. అక్కడ యూటర్న్ ఎందుకంత దూరమైందో రహదారుల అధికారులు చూడాలి. ‘ఎవరి చెమటో’ అని ముఖం తిప్పుకునే ప్రయాణికులు సొంత హెల్మెట్ తెచ్చుకోవచ్చు, ఎవరూ కాదనరు.

రెండు ఐఎస్‌ఐ హెల్మెట్లు ఉచితంగా ఇవ్వని కంపెనీకి విశాఖలో బైక్ టాక్సీ నడిపే అనుమతే ఉండకూడదు. ప్యాసింజర్ హెల్మెట్ వద్దంటే, రేటింగ్ తగ్గకుండా ఆ రైడ్ రద్దు చేసుకునే వీలు కెప్టెన్‌కు, అంటే బండి నడిపేవారికి, యాప్‌లోనే ఉండాలి.