సూది గుచ్చితే గొంతు క్యాన్సర్ పాకుతుందా?

పాత స్నేహితుల గ్రూపు, చుట్టాల గ్రూపు, చివరికి అపార్ట్‌మెంట్ గ్రూపు, ఎక్కడ చూసినా ఇదే మెసేజ్: ‘గొంతు క్యాన్సర్ జీన్స్‌లో ఉంటేనే వస్తుంది. మరిగే పసుపు నీళ్లు తాగితే కరిగిపోతుంది. సూది గుచ్చి పరీక్ష చేస్తే ఒళ్లంతా పాకుతుంది.’ పంపేవాళ్లలో ఇంజినీర్లు కూడా ఉన్నారు.

పసుపు సంగతి ముందు తేల్చేద్దాం. ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాల మీద పసుపులో ఉండే కర్‌క్యుమిన్ అనే పదార్థం పోస్తే కొన్ని జీన్ల పని తగ్గడం నిజమే. కానీ మనం తాగితే అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఇక ‘మరిగే’ నీళ్లంటారా, 65 డిగ్రీలు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2016లోనే చెప్పింది. తాగండి మరి!

వంశపారంపర్యంగా గొంతు క్యాన్సర్ రావడం చాలా అరుదు. పొగాకు, మద్యం కలిసి ఏళ్ల తరబడి, కణాలు అదుపు తప్పకుండా చూసే పీ53 లాంటి కాపలా జీన్లను పాడుచేస్తాయి. టాన్సిల్స్ దగ్గర వచ్చేవాటిలో కొన్నింటికి హెచ్‌పీవీ వైరస్ కారణం. ‘మా ఇంట్లో ఎవరికీ లేదు’ అంటూ గుట్కా చింపే బాబాయ్‌లకు ఈ మెసేజ్ లైసెన్సు ఇచ్చినట్టే.

అసలు కోపం సూది మాట మీద. కణాలు పాకడానికి ఎవరో వచ్చి గుచ్చక్కర్లేదు. పక్క కణాన్ని అంటిపెట్టుకుని ఉండేలా చేసే ఇ-క్యాడ్‌హెరిన్ జీన్ పని మందగిస్తుంది. చుట్టూ ఉన్న కణజాలాన్ని కరిగించే ఎంజైముల జీన్లు జోరందుకుంటాయి. విడిపోయిన కణాలు లింఫ్ అనే ద్రవం పారే సన్న నాళాల్లోంచి మెడలోని గ్రంథులకు చేరతాయి. ఇదంతా డాక్టర్ సూది పట్టకముందే మొదలై ఉండొచ్చు. ‘పరీక్ష చేశాకే ముదిరింది’ అంటారు. గొంతు బొంగురుపోయి నెలలు గడిచినా కషాయాలతో సరిపెట్టుకుని, మెడలో గడ్డ లేచాక ఆస్పత్రికి వస్తే అప్పటికే ముదిరి ఉండదా? స్వరతంతువుల్లో లింఫ్ నాళాలు తక్కువ కాబట్టి అక్కడి క్యాన్సర్ ఆలస్యంగా పాకుతుంది. మూడు వారాలు దాటిన బొంగురును నిర్లక్ష్యం చేయకుండా చూపించుకుంటే, తొలి దశలో చాలామందికి రేడియేషన్ ఒక్కటే సరిపోతుంది. ఈ మెసేజ్ పోగొడుతున్నది ఆ అవకాశాన్నే.

ఆ భయంలో కాస్త నిజం లేకపోలేదు. గొంతు లోపల చూడకుండా మెడ గడ్డను నేరుగా కోసి తీసేయడం మంచిది కాదు, తర్వాతి చికిత్స చిక్కుల్లో పడుతుంది. అందుకే ముందు ఎండోస్కోపీతో గొంతు చూసి, గడ్డలోంచి సన్న సూదితో కొన్ని కణాలు తీసి చూసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్ష చేస్తారు. మెసేజ్ వద్దంటున్నది సరిగ్గా ఆ సూదినే.