ఫారం-సిలో చోటు చాలదు

మన దేశంలో ఒక ఘోరమైన లోపం ఇంతకాలం ఎవరి కంటా పడలేదంటే ఆశ్చర్యంగా ఉంది. గర్భం తీయించుకోదలచిన స్త్రీ 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం కింద ఫారం-సి అనే కాగితం నింపాలి. మేజరైన మనిషైతే అందులో ఒక్క సంతకమే చాలు. అదీ ఆమెదే! భర్త సంతకానికి గానీ, అత్తగారి వేలిముద్రకు గానీ జానెడు జాగా లేదు. 'ఫలానావారి కూతురు/భార్య' అని ఒక ఖాళీ వదిలారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆమె ఆకాశం నుంచి ఊడిపడిందనుకునేవాళ్లం.

అయితే చట్టం మరిచిపోయినదాన్ని ఆసుపత్రులు మరిచిపోలేదు. మొన్న ఒకచోట కళ్లారా చూశాను. చంకలో ఏడాది పిల్లతో ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి ఉంది.

"మీ ఆయన్ను తీసుకురామ్మా."

"లారీ మీద నాసిక్ వెళ్లారండీ. వారం పడుతుంది."

"అయితే మీ మామగారిని తీసుకురా."

మామగారికి తన మోకాళ్ల నొప్పుల గురించి తప్ప వేరే వైద్యం తెలిసి ఉండదు. కానీ సంతకం గుండ్రంగా పెడతారు కదా!

చట్టమూ ఆమెను పూర్తిగా నమ్మలేదు లెండి. 20 వారాల వరకు ఒక డాక్టరు ఒప్పుకోవాలి, చట్టం చెప్పిన కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నవారికి 24 వరకు ఇద్దరు ఒప్పుకోవాలి. ఆపైన పిండంలో తీవ్రమైన లోపముంటే మెడికల్ బోర్డు కూర్చోవాలి. అప్పటికీ తేలకపోతే ఢిల్లీ ఉండనే ఉంది.

2023 అక్టోబరులో ఇద్దరు బిడ్డల తల్లి ఒకామె గర్భం తీయించుకోనివ్వమని సుప్రీంకోర్టుకు వెళ్లింది. చిన్నబిడ్డకు పాలిస్తూ ఉండటంతో నెలసరి రాలేదని, గర్భం సంగతే తెలియలేదని, కాన్పు తర్వాత పట్టుకున్న మానసిక వ్యథకు మందులు వాడుతున్నానని చెప్పుకుంది. 9న సరేనన్నారు. ఎయిమ్స్ డాక్టరొకరు, పిండం బతికే అవకాశముంది, గుండె ఆపమంటారా అని ఈమెయిలు పెట్టారు. (ఆ ప్రశ్నను మాత్రం నేను వెక్కిరించను.) 11న ఇద్దరు న్యాయమూర్తులు చెరో దారి పట్టారు. ఆమె నిర్ణయాన్ని గౌరవించాలన్నది జస్టిస్ నాగరత్న మాట. 16న ముగ్గురు కూర్చుని, 26 వారాల 5 రోజులైంది, కుదరదన్నారు. కాన్పు ఖర్చు ప్రభుత్వానిదట. పుట్టాక బిడ్డను దత్తతకివ్వాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టమేనట. ఆమె ఇష్టానికి విలువ లేదని ఎవరన్నారు? కాస్త ఆలస్యంగా, పురిటి మంచం దిగాక ఇస్తారు, అంతే.

ఇక ఆంధ్రప్రదేశ్ ముచ్చట. ఇద్దరికి మించి కన్నవారు పంచాయతీ ఎన్నికలకు పనికిరారని దాదాపు మూడు దశాబ్దాలు అన్నాం. 2024 నవంబరులో ఆ మాట వెనక్కి తీసుకున్నాం. 2025లో విజయనగరం ఎంపీ గారు, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50,000 రూపాయలు, మగపిల్లాడైతే ఆవూ దూడా ఇస్తానన్నారు. కడుపు ఆమెదే. లెక్క మాత్రం ఎప్పటికప్పుడు మనం చెబుతుంటాం.

కనుక ఫారం-సిని నాలుగు పేజీలకు పెంచాలని ప్రభుత్వానికి నా మనవి. మొదటి పేజీ భర్తకు, అత్తమామలకు. రెండోది డాక్టర్లకు, ధర్మాసనాలకు. మూడోది ప్రజాప్రతినిధులకు, ఆవుకు. ఆవు గిట్ట ముద్ర వేస్తే చాలు. నాలుగోది నాలాంటి వ్యాసకర్తలకు. అడుగున చోటు మిగిలితే ఆమె సంతకం పెట్టుకోవచ్చు. మిగలకపోతే మళ్లీ వారం రావచ్చు. వారాలదేముంది, వాటంతట అవే గడుస్తాయి.

లారీ నాసిక్ నుంచి బయల్దేరిందట.