ఒకే ఒంట్లో నాలుగు వయసులు: ప్రతిభ గల పిల్లలను ఎక్కడ అపార్థం చేసుకుంటున్నాం?

1905 ఆగస్టులో కుంభకోణంలో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వైపు వెళ్లిపోయాడు. అంతకు ముందు ఏడాదే స్కాలర్‌షిప్‌తో ప్రభుత్వ కళాశాలలో చేరినవాడు, లెక్కల్లో బహుమతి అందుకున్నవాడు. లెక్కలు తప్ప మరో పుస్తకం ముట్టక, ఇంగ్లీషులో తప్పి ఆ స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి, ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్మీడియట్ వంటిది) పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఆ కుర్రాడు శ్రీనివాస రామానుజన్. ఈ కథను మనం ఎప్పుడూ చివరి నుంచి చెప్పుకుంటాం. 1913లో ఇంగ్లండు గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరం, కేంబ్రిడ్జ్, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం తెలిసినవాళ్లం కాబట్టి ఆ పారిపోవడం కూడా మనకు మేధావి లక్షణంగానే కనిపిస్తుంది. కాని 1905 నాటి ఆ ఇంట్లో నిలబడి చూస్తే కనిపించేది వేరు. చదువు చెడగొట్టుకున్న కొడుకు, చేజారిన స్కాలర్‌షిప్, పత్రికలో ‘కనబడుట లేదు’ అని వేయించాల్సి వచ్చిన తల్లిదండ్రులు. అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లలను పెంచేవాళ్లకు కథ చివర ఏముందో తెలియదు. వాళ్లకు కనిపించేది ఎప్పుడూ మధ్య పేజీలే.

ప్రతిభ అనగానే మన మనసుకు తట్టే మొదటి మాట ‘ఏకసంథాగ్రాహి’. ఒకసారి వింటే చాలు, అప్పజెప్పేస్తాడని. అవధాన విద్యను కళ్లారా చూసిన జాతికి ధారణ మీద గౌరవం ఉండటం సహజమే, దానిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ గౌరవమే ఇప్పుడు ఇళ్లల్లో ఒక వింత కొలబద్దగా మారింది. చుట్టాలు వచ్చినప్పుడు నాలుగేళ్ల పాప దేశాల రాజధానులు వరుసగా చెబితే ‘గిఫ్టెడ్’ అంటాం. అదే పాప ఏడేళ్ల వయసులో ‘రాజధాని అని ఎవరు నిర్ణయించారు, ఎందుకు నిర్ణయించారు, మార్చకూడదా’ అని వరసపెట్టి అడిగితే ‘ఎదురు ప్రశ్నలు ఎక్కువయ్యాయి’ అంటాం. మొదటిది జ్ఞాపకశక్తి, రెండోది ఆలోచన. మనం మెచ్చుకునేది ఒకటి, ఆ పిల్ల బుర్రలో నిజంగా జరుగుతున్నది మరొకటి. ఆ పిల్లలు ఇంట్లో ఉండీ ఒంటరివాళ్లు కావడం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

నా మేనకోడలికి ఏడేళ్లప్పుడు సూర్యుడి గురించి ఒక పుస్తకం చదివింది. దాదాపు 500 కోట్ల ఏళ్ల తర్వాత సూర్యుడు ఉబ్బిపోయి, ఇప్పుడున్నట్టుగా ఉండడని అందులో ఉంది. ఆ తర్వాత రెండు వారాలపాటు రాత్రిళ్లు నిద్రపోలేదు. ‘అప్పుడు భూమి మీద ఎవరూ ఉండరు కదా, మరి ఇవన్నీ ఎందుకు కట్టుకుంటున్నారు’ అని వాళ్లమ్మను పట్టుకుని ఏడ్చేది. అదే వారంలో చెల్లెలు తన నీలం పెన్సిల్ తీసిందని నేల మీద పడి దొర్లింది. వాళ్ల నాయనమ్మ ప్రేమగానే అన్నది, ‘ఇన్ని తెలిసినదానివి, ఆ మాత్రం తెలియదటే నీకు?’ అని. నేనూ అప్పుడు అదే అనుకున్నాను, ఒప్పుకుంటున్నాను. ఇలాంటి పిల్లలు పెరుగుతూ అన్నిటికంటే ఎక్కువసార్లు వినే వాక్యం బహుశా అదే, వాళ్లకు అన్నిటికంటే అన్యాయం చేసే వాక్యమూ అదే. ఎందుకంటే ఆ మాత్రం తెలియదు. చదవడంలో ఆ పిల్లకు పద్నాలుగేళ్లు, తర్కంలో పన్నెండు, చేతిరాతలో ఆరు, ఆశాభంగాన్ని ఓర్చుకోవడంలో అయిదు. ఈ నాలుగు వయసులూ ఒకే ఒంట్లో, ఒకే గౌనులో తిరుగుతున్నాయి.

న్యూయార్క్‌లో ఇలాంటి పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేసిన మనస్తత్వవేత్త లీటా హాలింగ్‌వర్త్ (1886–1939) ఈ సంగతిని చాలా ముందే గుర్తించారు. పెద్దవారి బుద్ధి, పసివారి మనసు కలిసి పసి శరీరంలో ఉంటే కొన్ని కష్టాలు తప్పవని ఆమె రాశారు. 1991లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు, నిపుణులు కలిసి గిఫ్టెడ్ అన్న మాటకు ఈ ఎగుడుదిగుడు ఎదుగుదలనే నిర్వచనంగా తీసుకున్నారు. నా దృష్టిలో ఇది తెలివిని కొలిచే ఐక్యూ అంకె కంటే ఎంతో పనికొచ్చే నిర్వచనం. ఐక్యూ అంకె తల్లిదండ్రులకు గర్వాన్నో దిగులునో ఇస్తుంది తప్ప, రేపు పొద్దున పిల్లవాడు బూట్ల లేసు ముడి పడలేదని స్కూలుకు వెళ్లనంటే ఏం చేయాలో చెప్పదు. ఎగుడుదిగుడుగా ఎదుగుతున్నాడని తెలిసిన తల్లి మాత్రం, ఈ క్షణంలో తన ముందున్నది ఏ వయసు అని చూసుకోగలుగుతుంది.

రెండు జీవితాలను పక్కపక్కన పెడితే ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. విలియం సిడిస్ 1898లో అమెరికాలో పుట్టారు. తండ్రి బోరిస్ సిడిస్ పేరున్న మనస్తత్వవేత్త, కొడుకు చదువు ఆయన సిద్ధాంతాలకు రుజువుగా లోకం ముందు నిలిచింది. 1909లో పదకొండేళ్లకే హార్వర్డ్‌లో చేర్చారు, మరుసటి ఏడాది ఆ పిల్లవాడు నాలుగు పరిమాణాల వస్తువుల మీద గణిత సంఘంలో ఉపన్యసించాడు, పత్రికలు వెంటపడ్డాయి. పెద్దయ్యాక సిడిస్ కోరుకున్నది ఒక్కటే, ఎవరూ తనను గుర్తుపట్టకూడదని. చిన్నచిన్న గుమాస్తా ఉద్యోగాలు చేస్తూ, తన గురించి పాత కథ తవ్వి తీసిన పత్రిక మీద కోర్టుకెక్కి ఓడిపోయి, 1944లో నలభై ఆరేళ్లకే చనిపోయారు. రెండో జీవితం ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1975లో పుట్టిన గణితవేత్త టెరెన్స్ టావోది. మూడున్నరేళ్లకే బడిలో వేసి, పిల్లవాడు తరగతిలో కూర్చునే వయసుకు ఇంకా రాలేదని కొన్ని వారాల్లోనే తల్లిదండ్రులు వెనక్కు తీసుకొచ్చారు. తర్వాత బడిలో ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో తరగతిలో కూర్చోబెట్టారు; లెక్కలకు చాలా పెద్ద పిల్లలతో, మిగతావాటికి తన ఈడుకు దగ్గరి పిల్లలతో. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో 1986లో కాంస్యం, 1987లో రజతం, 1988లో స్వర్ణం వచ్చినా, రికార్డుల కోసం తొందరపెట్టక, పద్నాలుగేళ్ల దాకా పూర్తిస్థాయి విశ్వవిద్యాలయ చదువులోకి పంపలేదు. 2006లో, గణితంలో అత్యున్నత గౌరవాల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. సిడిస్ బాధకు తండ్రి ఒక్కడే కారణమనీ, టావో విజయానికి పెంపకమే కారణమనీ నేను అనను, జీవితాలు అంత సులువైన లెక్కలు కావు. కాని ఒక ఇంట్లో తల ఎంత ఎత్తుందో అంత ఎత్తుకు మనిషి మొత్తాన్నీ లాగారు. మరో ఇంట్లో ఏ వయసుకు ఆ వయసు తిండి పెట్టారు.

మన దగ్గర జరుగుతున్నది మొదటి పద్ధతి కూడా కాదు, అంతకంటే బీదది. ఆరో తరగతిలోనే ‘ఐఐటీ ఫౌండేషన్’, ‘ఒలింపియాడ్ బ్యాచ్’ అని బోర్డు పెట్టి, మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీసి, వారం వారం పరీక్ష పెట్టి, ర్యాంకులు గోడకు అంటించి, దానినే ప్రతిభను గుర్తించడం అంటున్నాం. ఈ యంత్రం గుర్తించేది వేగాన్ని, ఓపికను, చెప్పిన మాట వినడాన్ని. అవి మంచి గుణాలే. కాని ఒక లెక్కను నాలుగు రకాలుగా చేసి చూద్దామనుకునే పిల్లవాడికి ఆ గదిలో చోటు లేదు. జవాబుల పత్రంలో వృత్తాలు నల్లగా నింపడానికి ఒక్కో ప్రశ్నకు ఒకటి రెండు నిమిషాలు ఇచ్చిన చోట, ప్రశ్నలోనే లోపం ఉందేమోనని ఆగి ఆలోచించినవాడు వెనకబడిపోతాడు. ఇంకా బాధ కలిగించేదేమిటంటే, నిజంగా ముందున్న పిల్లవాడికి కూడా ఇక్కడ అందుతున్నది లోతు కాదు, రెండేళ్ల తర్వాతి పాఠం. పదో తరగతి పాఠం ఎనిమిదిలో చెప్పడం ఆ బుర్రకు మేత కాదు, అదే మేతను ముందుగా వేయడం మాత్రమే.

ఇంకో చిక్కు పొగడ్తలో ఉంది. ఈ పిల్లలకు మొదటి ఆరేడేళ్లు ఏదీ కష్టపడకుండానే వస్తుంది, ఇంటిల్లిపాదీ ‘బుర్ర పాదరసం’ అని మురిసిపోతారు. 1998లో క్లాడియా ముల్లర్, కెరల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ఇక్కడ గుర్తుపెట్టుకోదగ్గవి. తెలివైనవారని పొగిడించుకున్న పిల్లలు, ఒక కష్టమైన పరీక్షలో దెబ్బతిన్నాక, బాగా శ్రమపడ్డారని పొగిడించుకున్నవారి కంటే త్వరగా చేతులెత్తేశారు, తర్వాతి తేలిక పరీక్షలోనూ వెనకబడ్డారు. తమ మార్కులను పెంచి చెప్పుకున్నవారు కూడా వాళ్లలోనే ఎక్కువ. తెలివే తన పేరైపోయిన పిల్లవాడికి తప్పు చేయడమంటే ఆ పేరు పోవడమే. అందుకే గెలవలేని ఆట ఆడడు, రాని బొమ్మ వేయడు, మొదటిసారి కుదరని వీణ పాఠానికి కడుపునొప్పి తెచ్చుకుంటాడు. దానిని మనం సోమరితనం అనో పొగరు అనో అనుకుంటాం, లోపల ఉన్నది భయం.

ఒకే పిల్లవాడిలో అసాధారణ ప్రతిభ, నేర్చుకోవడంలో లోపం రెండూ ఉంటే పరిస్థితి మరీ కష్టం. నోటితో అడిగితే పెద్దవాళ్లలా విడమరచి చెప్పే పిల్లవాడు కాగితం మీద నాలుగు వాక్యాలు రాయలేకపోవచ్చు. తెలివి లోపాన్ని కప్పేస్తుంది, లోపం తెలివిని కప్పేస్తుంది. చివరికి టీచరుకు కనిపించేది ఒక మామూలు విద్యార్థి, కాస్త నిర్లక్ష్యం గలవాడు. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే లోపం) వంటి అభ్యసన లోపాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తన 21 వర్గాలలో చేర్చింది. అయినా పదికి తొమ్మిది తెచ్చుకునే పిల్లవాడికి లోపం ఉండొచ్చని అనుమానించేవాళ్లు అరుదు.

పిల్లల్లో ఎవరు కనిపిస్తారు, ఎవరు కనిపించరు అన్న ప్రశ్న కూడా ఇంతే ముఖ్యం. 1921లో మనస్తత్వవేత్త లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలో ఐక్యూ ఆధారంగా సుమారు 1,500 మంది పిల్లలను ఎంపిక చేసి, జీవితాంతం వాళ్లను గమనించే అధ్యయనం మొదలుపెట్టారు. ఆ పరీక్షలో నెగ్గక బయట ఉండిపోయిన ఇద్దరు పిల్లలు, విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్, తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతులు తెచ్చుకున్నారు. అంత పెద్ద వలకే చిల్లులుంటే, ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులను చూసి పిల్లల తెలివిని అంచనా వేసే మన అలవాటు సంగతి చెప్పేదేముంది? ఈ విషయంలో మనకు ఒక మంచి జ్ఞాపకం ఉంది. పి.వి. నరసింహారావు చొరవతో 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకులం, తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి గురుకులాలు, పల్లెల్లో చురుకైన పిల్లలను వెతికి తెచ్చి చదివించాయి. చదువురాని ఇళ్ల పిల్లలు అక్కడి నుంచి ఎక్కడెక్కడికో ఎదిగారు. నవోదయ విద్యాలయాలు, 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలు ఆ దారిలోనివే. అయితే అవి అయిదో తరగతి తర్వాతో పదో తరగతి తర్వాతో తలుపు తెరుస్తాయి. అప్పటికే ‘నోరు మూసుకుని కూర్చో’ అన్న మాటకు అలవాటుపడిపోయిన పిల్లలు, ముఖ్యంగా ‘నెమ్మదైన పిల్ల’ అన్న మెప్పు కోసం తెలిసిన జవాబును మింగేసే ఆడపిల్లలు, ఆ తలుపు దాకా రారు.

2020 జాతీయ విద్యా విధానం ప్రత్యేక ప్రతిభ గల పిల్లలను పేరు పెట్టి ప్రస్తావించింది. అభిరుచిని బట్టి క్లబ్బులు, తరగతిని మించిన అదనపు సామగ్రి, బి.ఇడి.లో ఈ పిల్లల బోధనకు ప్రత్యేక శిక్షణ అవకాశం అందులో ఉన్నాయి. వీటిలో చివరిదే అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్ముతున్నాను. ప్రత్యేక పాఠశాల వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. మండలానికి ఒక్క ఉపాధ్యాయురాలికైనా ఈ పిల్లలు ఎలా ఉంటారో తెలిస్తే, ‘అల్లరి’ అన్న ముద్ర పడకముందే కొందరినైనా పట్టుకోగలం. అమెరికాలోని బడుల్లో గిఫ్టెడ్ తరగతులు చాలాకాలంగా ఉన్నాయి. అక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని ఆ ప్రవేశ పరీక్షకే పిల్లలకు కోచింగ్ ఇప్పిస్తున్నాయి. ఏర్పాటు ఒక్కటే చాలదనడానికి ఇది చాలు.

రామానుజన్ కథలో మన నెల్లూరు ఒకసారి వస్తుంది. 1910లో అక్కడి కలెక్టర్ ఆర్. రామచంద్రరావు దగ్గరకు రామానుజన్ తన నోటు పుస్తకాలు పట్టుకుని వెళ్లారు. ఏం కావాలని అడిగితే, రామానుజన్ కోరింది తీరిక అని రామచంద్రరావు తర్వాత రాశారు. తిండికి తడుముకోకుండా, తన కలల్లో తానుండే వీలు. ఆ కలెక్టర్ అప్పటికి ఆయనకు ఉద్యోగం చూడలేదు, పరీక్షకు కట్టమనలేదు. కొంతకాలం నెలకు 25 రూపాయలు ఇచ్చారు.

నా మేనకోడలికి ఇప్పుడు పదకొండేళ్లు. ఫౌండేషన్ బ్యాచ్‌లో సీటు వస్తే, వారం రోజులు తర్జనభర్జన పడి, ఆమె తల్లిదండ్రులు వద్దన్నారు. పొరపాటు చేశారేమోనని మా వదిన ఇప్పటికీ రాత్రిళ్లు ఆలోచిస్తుంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా ఆ పిల్లకు ఏ పనీ ఉండదు. మొన్న ఆ వేళలో చీమల బారు ఒకటి గోడ మలుపు దగ్గర ఎందుకు చుట్టు తిరిగి వెళుతోందో చూస్తూ కూర్చుంది. కారణం తేల్చలేకపోయింది, ఏడవలేదు కూడా. రేపు మళ్లీ చూస్తానంది.