మణికట్టు మీది కరణంగారికి

మహారాజశ్రీ అడుగులు లెక్కపెట్టే స్మార్ట్‌వాచీ కరణంగారి సముఖానికి, తిరుపతి నుంచి రెండు పిక్కలూ రెండు తొడలూ కలిసి పెట్టుకున్న అర్జీ.

అయ్యా, ఇవాళ పొద్దున శ్రీవారి మెట్టులో 2,388 మెట్లు ఎక్కుతుంటే తమరు కిమ్మనలేదు. తీరా బస్సెక్కి ఘాట్ రోడ్డులో దిగుతుంటే, సీట్లో కూర్చున్న మనిషికి ‘లక్ష్యం పూర్తి, అభినందనలు’ అని బాణసంచా కాల్చారు. బస్సు తరఫున ధన్యవాదాలు.

తమరు కొలిచేది కాలిని కాదు, చేతి ఊపుని. కమ్మీ పట్టుకుంటే చెయ్యి ఊగదు, ఆ మెట్లు చాలావరకు దస్తరంలోకి ఎక్కవు. చపాతీ పిండి పిసికితే ఎక్కినా ఎక్కుతాయి! తమరు రోజూ దాటమనే ఆ పదివేల అడుగుల గీత కూడా ఏ వైద్యుడూ గీసింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరుకి ‘పదివేల అడుగులది’ అని పేరు పెట్టారు, అంతే.

సరే, కాకిలెక్కలు భరిస్తాం. దిగడం సంగతేంటి?

ఎక్కేటప్పుడు తొడ కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. ఆయాసమొస్తుంది, నిలబడితే పోతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ ఒంటి బరువుకి బ్రేకు వేస్తుంది. ఆయాసం ఉండదు, గుండె పెద్దగా కొట్టుకోదు. తమరు ‘తేలికపాటి శ్రమ’ అని రాసి దస్తరం మూసేస్తారు. అసలు బిల్లు మర్నాడు, ఆ మర్నాడు వస్తుంది, పీట మీద కూర్చోబోయినప్పుడు. అందుకే దిగడాన్ని విడిగా సాధన చేయాలి. వారానికోసారి, మొదట నాలుగైదు అంతస్తులు చాలు. అడుగు చిన్నది, మోకాలు కాస్త వంగి ఉండాలి, మడమ టక్కున కొట్టకూడదు. లిఫ్టులో ఎక్కి మెట్ల మీద దిగినా సాధనే. చూసేవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ఏందబ్బా నీ లెక్క? చదునైన రేణిగుంట రోడ్డు మీద వెయ్యడుగులూ అలిపిరి దారిలో నిట్టనిలువు మోకాళ్ళ మెట్టు మీద వెయ్యడుగులూ ఒకటేనా నీకు? చిత్తూరు నుంచి సుమారు డెబ్బై కిలోమీటర్లు నడిచొచ్చి, ఆపైన అలిపిరిలో 3,550 మెట్లు ఎక్కాలనుకునేవాళ్ళకి ఒక్కరోజు రికార్డు ఎందుకు? శని, ఆదివారాలు వరసగా నడవాలి, రెండోరోజు కాళ్ళు ఎలా ఉంటాయో తెలియడానికి. దూరం వారానికి పదోవంతుకి మించి పెంచకూడదు. నాలుగో వారం తగ్గించాలి. తగ్గిస్తే నువ్వు ఎర్రగీత గీసి ‘వెనకబడ్డారు’ అంటావు. ఆ మాట పట్టుకుని గాలిగోపురం దాకా ఉరికినోళ్ళు, మధ్యలో చదునుదారి చూసి మురిసినోళ్ళు, చివర మోకాళ్ళ మెట్టు దగ్గర గోడకి ఆనుకుని ఉంటారు. పోయి చూడు.

మెట్లు ఎక్కేది ఉత్తికాళ్ళతో. మరి నెలంతా బూట్లలో నడిపిస్తివే? రోజూ పది నిమిషాలు ఉత్తికాళ్ళతో నడవమని ఒక్కసారైనా వణికినావా? క్యూ కాంప్లెక్సులో తలుపులు మూసి కూర్చోబెట్టినప్పుడు మాత్రం ‘లేచి కాసేపు నడవండి’ అని వణుకుతావు. యాడికి నడిచేది సామీ?

రేపు తెల్లారి నాలుగున్నరకి లేపు. ఇంట్లో ఎవరికీ నిద్ర చెడకుండా మణికట్టు మాత్రం తట్టి లేపుతావు, ఆ పనిలో నీకు వంక పెట్టలేం. లేపినాక చార్జింగులో పడుకో. మేం పోయొస్తాం.