గాజు గోళీల సర్కారు

2025 సెప్టెంబరు 29న ట్రంప్ గారు గాజాకు ఇరవై అంశాల శాంతి పథకం ప్రకటించారు. దాన్ని నడిపించడానికి ఒక ‘శాంతి మండలి’ అట. అధ్యక్షుడు ఆయనే. మిగతా సభ్యుల్లో ఆ రోజు పేరుతో సహా కనిపించింది ఒక్కరే, బ్రిటన్ మాజీ ప్రధాని సర్ టోనీ బ్లెయిర్ గారు. పశ్చిమాసియాలో ఆయనకున్నంత అనుభవం ఎవరికుంది చెప్పండి! కాదనలేం. అయితే ఆ అనుభవం ఎలాంటిదో ఇప్పటి కుర్రకారుకు తెలిసే వీల్లేదు. కాబట్టి ఆయన ప్రధానిగా దిగిన 2003 ఇరాక్ యుద్ధం కథను గోళీల దగ్గర్నుంచి చెప్పుకురావాలి.

2002 సెప్టెంబరు 23న బ్రిటిష్ గూఢచారి సంస్థ ఎంఐ6 ఒక రహస్య నివేదికను పంచింది. ఇరాక్‌లో సారిన్, వీఎక్స్ లాంటి విషాలు తయారవుతున్నాయని, వాటిని నింపే పాత్రల్లో బోలు గాజు గోళాలు కూడా ఉన్నాయని కొత్తగా దొరికిన వేగు ఒకడు చెప్పాడు. గాజు గోళాలు!

ఇరాక్ అధ్యక్షుడు సద్దాం దగ్గర ఒకప్పుడు రసాయనాయుధాలు ఉన్నమాట నిజం. 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండ్లలో మస్టర్డ్ గ్యాస్, 122 మిల్లీమీటర్ల రాకెట్లలో సారిన్. అన్నిటికీ లోహపు తొడుగులే. ఎందుకంటే ఫిరంగి పేలిన క్షణంలో గుండు మీద భూమ్యాకర్షణకు వేల రెట్ల తోపుడు పడుతుంది. గాజుతో చేస్తే అది శత్రువు దాకా పోదు, పేల్చినవాడి ముక్కు దగ్గరే పగులుతుంది. మరి గాజు గోళీల్లో విషం ఎక్కడుంది? 1996లో వచ్చిన ‘ద రాక్’ అనే హాలీవుడ్ సినిమాలో ఉంది. ఈ మాట అన్నది ఏ వ్యంగ్య రచయితో కాదు. రసాయనాయుధాలకు గాజు వాడటం మామూలు కాదనీ, ఒక సినిమాలో మాత్రం ఇలాగే తప్పుగా చూపించారనీ ఆ అక్టోబరులోనే ఎంఐ6 చెవిన వేశారు. ఇరాక్ యుద్ధం మీద బ్రిటన్ జరిపించిన చిల్కాట్ విచారణ నివేదికలో రాసి ఉంది. 26 లక్షల మాటలు, 12 సంపుటాలు కాబట్టి ఎవరూ అంతదూరం చదివి ఉండరు.

పాపం, ఆ వేగు చూసింది హాలీవుడ్ సినిమా కాబట్టి గోళీలతో పోయింది. మన బాలనాగమ్మ కథ వినివుంటే? సద్దాం ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలోని చిలకలో ఉన్నట్టు ‘అత్యంత విశ్వసనీయ వర్గాల’ నుంచి సమాచారం అందేది. సంయుక్త గూఢచర్య కమిటీ మూడు సార్లు సమావేశమై, చిలక ఆకుపచ్చగా ఉండవచ్చని అంచనా వేసేది. ఉపగ్రహ చిత్రాల్లో దక్షిణ ఇరాక్‌లోని బస్రా చుట్టూ మర్రిచెట్లు కనిపించకపోవడమే సద్దాం వాటిని దాచిపెట్టాడనడానికి తిరుగులేని రుజువయ్యేది. ఐక్యరాజ్య సమితి తనిఖీదారులు వెళ్లి ఈతచెట్లు తప్ప ఏమీ లేవంటే, వాళ్లకు ఇంకో నెల గడువు ఇవ్వడం ప్రమాదకరమని ప్రధాని గద్గద స్వరంతో సభకు విన్నవించేవారు. ఆదేశం వచ్చిన 45 నిమిషాల్లో చిలక ఎగరగలదని పత్రం అచ్చయ్యేది.

ఈ 45 నిమిషాలు మాత్రం కల్పన కాదు. గోళీల నివేదిక పంచిన మర్నాడే, సెప్టెంబరు 24న, ఇరాక్ ఆయుధాల మీద ప్రభుత్వం ప్రజల ముందు పెట్టిన పత్రంలో, ఆదేశం వచ్చిన 45 నిమిషాల్లో వాటిని వాడగలరంటూ ఆ అంకె నాలుగు చోట్ల ఉంది. బ్లెయిర్ గారి పేరుతో వచ్చిన ముందుమాటలోనూ ఉంది. అసలు సమాచారం యుద్ధరంగంలో వాడే చిన్న గుండ్ల గురించి. ఆ ముక్క పత్రంలో లేదు. తెల్లారేసరికి ‘సన్’ పత్రిక సైప్రస్‌లోని బ్రిటిష్ స్థావరాలకు 45 నిమిషాల్లో మూడిందని రాసేసింది. రక్షణ మంత్రి జెఫ్ హూన్‌కు అసలు సంగతి తెలుసు, పత్రికల్ని దిద్దలేదు. ప్రధానికి మాత్రం యుద్ధం మీద ఓటింగ్ జరిగేనాటికీ తెలియదట, 2004లో సభలో ఆయనే చెప్పారు. ఒకే కేబినెట్, ఒకే బల్ల.

2003 ఫిబ్రవరిలో ఇంకో పత్రం. దాంట్లో చాలా భాగం ఒక పరిశోధక విద్యార్థి వ్యాసం నుంచి ఎత్తుకొచ్చారు, టైపు తప్పులతో సహా. ఇంటర్ పరీక్షలో స్లిప్పు పెట్టేవాడు కూడా పక్కవాడి తప్పులు దిద్దుకుంటాడు. వీళ్లు దిద్దింది వేరే. మూలంలో ‘ప్రతిపక్ష వర్గాలు’ అని ఉన్నచోట ‘ఉగ్రవాద సంస్థలు’ అని మార్చారు.

ఇక న్యాయం. మార్చి 7న అటార్నీ జనరల్ 13 పేజీల సలహా ఇచ్చారు. నిండా సందేహాలే, ఐరాసలో రెండో తీర్మానం తెచ్చుకోవడం క్షేమమన్న హెచ్చరిక. పది రోజులకల్లా అది సందేహాల్లేని ఒక చిన్న పార్లమెంటరీ జవాబుగా కుదించుకుపోయింది. మధ్యలో జరిగిందేమిటంటే, ఇరాక్ ఐరాస షరతులను ఉల్లంఘించిందనేది ప్రధాని ఖచ్చితాభిప్రాయమేనా అని అటార్నీ జనరల్ కార్యాలయం 14న అడిగింది. అవును, ఖచ్చితంగా అదే అని ప్రధాని కార్యాలయం 15న జవాబిచ్చింది. అయిపోయింది. ప్రధానికి నమ్మకం ఉంది గనక యుద్ధం చట్టబద్ధం. 18న సభ 412-149తో ఆమోదించింది, 20న యుద్ధం మొదలైంది. గోళీల వేగు అబద్ధాలకోరని ఎంఐ6కు ఫిబ్రవరిలోనే అర్థమైంది. నివేదికను అధికారికంగా వెనక్కి తీసుకున్నది జూలైలో.

గాజు గోళీల మీద ఇంత శ్రద్ధ పెట్టిన సర్కారు తన సైనికుల్ని దేంట్లో కూర్చోబెట్టిందో చూడండి. స్నాచ్ లాండ్ రోవర్. ఉత్తర ఐర్లండ్ వీధుల్లో రాళ్లు, పెట్రోలు సీసాలు, చిన్న తూటాలు ఆపడానికి చేసిన బండి. పక్కలకు పలచటి మిశ్రమ కవచం, కింద చదునైన అడుగు. అడుగు ‘వి’ ఆకారంలో ఉంటే పేలుడు ధాటి పక్కలకు చీలిపోతుంది, చదునుగా ఉంటే నేరుగా లోపలివాళ్లకు తగులుతుంది. ఇరాక్‌లో దారిపక్క పెట్టే బాంబుల్లో కొన్నిటికి రాగి పళ్లెం ఉండేది. పేలగానే అది ముద్దగా మారి కవచాన్ని చీల్చుకుని పోతుంది. ఆ బండిని సైనికులే ‘కదిలే శవపేటిక’ అన్నారు. మెరుగైన బళ్లు కొంటామని మంత్రిగారు ప్రకటించింది 2006 జూలైలో. పోయినవాళ్ల తల్లిదండ్రులు కోర్టుకెళ్తే, యుద్ధరంగంలో ఉన్న సైనికుడికి మానవ హక్కుల చట్టం వర్తించదని ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వాదించింది, 2013లో ఓడింది. ఒక తల్లికి క్షమాపణ ఉత్తరం 2017లో అందింది, కొడుకు పోయిన పన్నెండేళ్లకి. ఇదా మీ నాయకత్వం? ఇక చిల్కాట్ నివేదిక అచ్చు ప్రతి వెల 767 పౌండ్లు. కుటుంబాలకూ అంతేనని తొలుత అన్నారు, జనం ఉమ్మేశాక ఉచితం చేశారు. సిగ్గులేని ప్రభుత్వం.

చనిపోయిన బ్రిటిష్ సైనికులు 179 మంది, ఒక్కొక్కరికీ పేరుంది. ఇరాకీలు? 2009 దాకా కనీసం లక్షా యాభై వేలని, అంతకంటే చాలా ఎక్కువే కావచ్చని చిల్కాట్ అన్నారు. ప్రభుత్వం లెక్క వేయలేదు. వేయాలన్న ఆలోచన వచ్చినప్పుడల్లా అది నిందను తిప్పికొట్టడానికే వచ్చింది. బస్రాలో బ్రిటన్‌కు ఇది పాత అలవాటు. 1914 నవంబరులో బస్రాను పట్టుకున్న సైన్యంలో ఎక్కువమంది భారతీయులు. 1917లో జనరల్ మాడ్ బాగ్దాద్‌లో దిగి, విజేతలుగా కాదు విమోచకులుగా వచ్చామని ప్రకటించాడు. తర్వాత కట్టిన బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిల్ని పటాలం కింద ‘ఇంకా ఇంతమంది’ అని అంకెతో సరిపెట్టారు. అప్పుడు కనీసం అంకైనా వేశారు.

ఇంత ఘనకార్యానికి ఉద్యోగాలు పోయినవాళ్లు లేకపోలేదు. యుద్ధం తప్పని ముందే చెప్పిన రాబిన్ కుక్ మంత్రి పదవి వదిలేశారు. ఆ 45 నిమిషాల పత్రాన్ని ప్రశ్నిస్తూ వార్త ఇచ్చిన పాపానికి బీబీసీ అధ్యక్షుడు, డైరెక్టర్ జనరల్ ఇద్దరూ తప్పుకున్నారు. పత్రం బాధ్యత తనదేనన్న అప్పటి సంయుక్త గూఢచర్య కమిటీ అధ్యక్షుడు జాన్ స్కార్లెట్ మాత్రం 2004లో ఎంఐ6 అధిపతి అయ్యారు, తర్వాత సర్ అయ్యారు. బ్లెయిర్ గారు 2007 జూన్ 27న గద్దె దిగి, అదే రోజు పశ్చిమాసియా శాంతి దూతగా కుదురుకున్నారు. 2022లో బ్రిటన్ రాణి ఇచ్చిన గార్టర్ బిరుదు. వద్దని పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు, ఎవరు చదివారు?

బ్లెయిర్ కార్యాలయాన్ని నడిపిన జొనాథన్ పావెల్ సంగతి మరీ ముచ్చట. తన పాలనకు ముప్పొస్తేనే సద్దాం ఈ ఆయుధాలు వాడతాడని ముసాయిదాలో ఉంటే, మనం దాడి చేస్తేనే ప్రమాదం అన్న వాదనకు ఇది బలమిస్తోంది, తిరగరాయండి అని 2002 సెప్టెంబరులో ఈమెయిల్ పెట్టారు. తిరగరాశారు. 2024 నవంబరులో ఆయన్ను జాతీయ భద్రతా సలహాదారుగా నియమించిన ప్రధాని కీర్ స్టార్మర్. లాయరుగా 2003లో ఈ యుద్ధం చట్టవిరుద్ధమని పత్రికలో రాసిన స్టార్మరే. సైనిక జోక్యాన్ని అడ్డుకునే చట్టం తెస్తానని 2020లో పార్టీ ఎన్నికల్లో మాటిచ్చిన స్టార్మరే. 2025 ఏప్రిల్‌లో బ్రిటిష్ విమానాలు యెమెన్ మీద బాంబులు వేసినప్పుడు ఆ చట్టమూ లేదు, ముందుగా సభలో ఓటూ లేదు. సలహాదారు మాత్రం ఉన్నారు.