వెన్ను వాతం నిర్ధారణ: ఎంఆర్‌ఐని ఏ ప్రశ్న అడుగుతున్నాం?

నడుం నొప్పికి ఎంఆర్‌ఐ తీయించుకున్న ముప్పై ఏళ్ల మనిషి రిపోర్టులో తరచూ కనిపించేది ‘ఎల్4–ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’ అన్న మాట, అంటే నడుము దగ్గరి నాలుగు, అయిదో పూసల మధ్య మెత్త ఉబ్బిందని. ఆ తర్వాత రెండు మూడేళ్ల వైద్యం ఆ ఒక్క మాట మీదే నడిచిపోతుంది. నడుముకు బెల్టు, ట్రాక్షన్, నొప్పి మాత్రలు, వంగొద్దు, బరువులెత్తొద్దు అన్న జాగ్రత్తలు, చివరికి ఆపరేషన్ ప్రస్తావన. నిజానికి ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల వారిలోనే నూటికి 30 మందికి, ఎనభై ఏళ్ల వారిలో 84 మందికి ఇలా డిస్క్ ఉబ్బి ఉంటుందని 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష లెక్కగట్టింది. అంటే స్కాన్‌లో కనిపించిన ప్రతి ఉబ్బూ నొప్పికి కారణం కాదు. ఈలోగా అసలు జబ్బు ఆ స్కాన్ సరిగా చూడని చోట, వెన్ను అడుగున ఉన్న కీళ్లలో, ముదిరిపోతూ ఉండవచ్చు.

ఆ జబ్బు యాంకిలోసింగ్ స్పాండిలైటిస్. ఎముకలు ఇంకా దెబ్బతినని తొలి దశను కూడా కలుపుకొని దీన్ని ఇప్పుడు ఆక్సియల్ స్పాండిలోఆర్థ్రైటిస్ అంటున్నారు. రోగ నిరోధక వ్యవస్థ అదుపు తప్పడంతో వచ్చే ఈ వాతం ఎక్కువగా నలభై అయిదేళ్ల లోపే మొదలవుతుంది. వెన్నుపూస అడుగున ఉండే త్రికాస్థి రెండు వైపులా తుంటి ఎముకతో కలిసే శాక్రోఇలియాక్ కీళ్లలో మొదట వాపు వస్తుంది. డిస్క్ నొప్పికీ దీనికీ తేడా చాలావరకు రోగి మాటల్లోనే దొరుకుతుంది. పడుకుంటే తగ్గాల్సిన నొప్పి తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. లేచాక అరగంటకు పైగా నడుము పట్టేసినట్టుంటుంది, పనిలో పడి నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. కొన్నాళ్లు కుడి పిరుదులో, మరికొన్నాళ్లు ఎడమ పిరుదులో నొప్పి వస్తుంది. మధ్యలో ఎప్పుడో కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చిన సంగతి కూడా బయటపడవచ్చు, అడిగితే. వాపు తగ్గించే నొప్పి మాత్ర వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లోనే చెప్పుకోదగ్గ ఉపశమనం కలగడం కూడా ఒక ఆధారమే.

ఎంఆర్‌ఐ రాక ముందు ఈ జబ్బును తేల్చడానికి ఎక్స్‌రేయే దిక్కు. 1984 నాటి సవరించిన న్యూయార్క్ ప్రమాణాల ప్రకారం శాక్రోఇలియాక్ కీళ్లు అరిగి, గరుకెక్కి, గట్టిపడిన ఆనవాళ్లు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తేనే జబ్బు ఉన్నట్టు. ఆ ఆనవాళ్లు కనిపించేసరికి ఏళ్లు గడిచిపోతాయి. నొప్పి మొదలైన నాటి నుంచి జబ్బు పేరు తెలిసే నాటికి సగటున ఏడేళ్ల దాకా పడుతోందని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. చదువు, ఉద్యోగం, పెళ్లి అన్నీ ముడిపడిన వయసులో పోయే ఏడేళ్లవి. ఎంఆర్‌ఐ ఈ పరిస్థితిని మార్చగలదు. స్టిర్ అనే పద్ధతిలో తీసినప్పుడు ఎముకలోని కొవ్వు సంకేతం అణగిపోయి, వాపు వల్ల చేరిన నీరు తెల్లగా కనిపిస్తుంది. ఎముక మూలుగలోని ఈ నీటివాపు ఎముక ఆకారం మారడానికి చాలా ముందే వస్తుంది. అందుకే 2009లో ఆసాస్ అనే అంతర్జాతీయ నిపుణుల సంఘం తన వర్గీకరణ ప్రమాణాల్లో ఎక్స్‌రేతో పాటు ఎంఆర్‌ఐకీ చోటిచ్చింది.

ఇంత మేలు చేయగల పరీక్ష మన దగ్గర రోగికి అక్కరకు రాకపోవడానికి మొదటి కారణం, తీయాల్సిన చోటు తీయకపోవడం. చీటీ మీద ‘ఎంఆర్‌ఐ ఎల్ఎస్ స్పైన్’ అని రాస్తే టెక్నీషియన్ నడుము పూసలనూ డిస్కులనూ నరాలనూ చూపే పొరలు, అంటే పలచటి ముక్కలుగా కోసినట్టు చూపే చిత్రాలు, తీస్తాడు. శాక్రోఇలియాక్ కీళ్లు అందులో అంచున అరకొరగా పడితే పడతాయి, లేకుంటే లేదు. అవి ఏటవాలుగా ఉండే కీళ్లు కాబట్టి పొరలను త్రికాస్థి వాలుకు సమాంతరంగా తీయాలి. వాపు కోసం స్టిర్, ఎముక కోతనూ (జబ్బు వల్ల ఎముక అంచు తినేసినట్టు అరగడం) కొవ్వు మార్పునూ చూడటానికి టీ1 అనే మరో పద్ధతి, రెండూ కావాలి. ఆసాస్, ఉత్తర అమెరికా నిపుణుల సంఘం స్పార్టన్ కలిసి 2024లో ప్రకటించిన కనీస పద్ధతిలో ఈ రెండింటితో పాటు అడ్డకోతలో మరో స్టిర్, ఎముక కోతను పట్టిచ్చే ప్రత్యేక పొరలు కూడా ఉన్నాయి. రంగు మందు ఇంజెక్షన్ అవసరం సాధారణంగా ఉండదు. జబ్బు ఉందో లేదో తేల్చడానికి వెన్నంతటికీ ఎంఆర్‌ఐ తీయించడం కూడా మామూలుగా అక్కర్లేదని యూరప్ రుమటాలజీ (కీళ్ల వాత వైద్యం) సమాఖ్య 2015లోనే స్పష్టం చేసింది. కాబట్టి ఇది ఖర్చు పెంచమన్న వాదన కాదు. పెడుతున్న ఖర్చు సరైన చోట పెట్టమన్న వాదన.

రెండో చిక్కు దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. సరైన చోటే స్కాన్ తీశారు, స్టిర్‌లో తెల్లని మచ్చ కనిపించింది, వెంటనే జబ్బు ఖరారైపోయింది. ఇది మరింత జాగ్రత్తగా ఆలోచించాల్సిన విషయం. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఏ బాధా లేని 47 మంది ఆరోగ్యవంతులకు శాక్రోఇలియాక్ ఎంఆర్‌ఐ తీస్తే, 11 మంది చిత్రాలు ఆసాస్ నిర్వచనం ప్రకారం ‘పాజిటివ్’గా తేలాయి. జబ్బు ఉన్న 47 మందిలో 43 మందికి పాజిటివ్ వచ్చింది. అంటే పరీక్ష జబ్బును బాగానే పట్టింది, కానీ జబ్బు లేనివారిలో నలుగురికి ఒకరిని దాదాపుగా అనుమానితుల్లో చేర్చింది. బెల్జియంలో కొత్తగా సైన్యంలో చేరిన 22 మందిని పరిశీలిస్తే, శిక్షణకు ముందే నూటికి 40 మందికి పైగా, ఆరు వారాల కఠిన శిక్షణ తర్వాత సగం మందికి ఈ కీళ్ల దగ్గర నీటివాపు కనిపించింది. పరుగులు తీసేవారిలోనూ ఇదే తంతు. బరువు మోసే కీలు కాబట్టి ఒత్తిడికి కాస్త వాపు రావడం సహజం. 2009 ప్రమాణం ఒకే పొరలో రెండు మచ్చలు కనిపించినా, వరుసగా రెండు పొరల్లో ఒకే మచ్చ కనిపించినా సరిపెట్టుకుంది. 2021 నాటికి నిపుణులు పట్టు బిగించి, కీలులో కనీసం నాలుగు భాగాల్లోనైనా, ఒకేచోట వరుసగా మూడు పొరల్లోనైనా వాపు ఉండాలని ప్రతిపాదించారు. దానితో పాటు ఎముక కోత కనిపిస్తే నమ్మకం మరింత పెరుగుతుంది.

కాన్పు అయిన స్త్రీల విషయంలో ఈ రెండు పొరపాట్లూ ఒకేసారి జరుగుతున్నాయి. పైన చెప్పిన 2018 అధ్యయనంలోనే కాన్పు తర్వాత నడుం నొప్పి ఉన్న ఏడుగురు స్త్రీలలో నలుగురికి ఎంఆర్‌ఐ పాజిటివ్‌గా వచ్చింది. కాన్పు ఒత్తిడితో వచ్చిన ఈ వాపు నెలలు గడిచేకొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది కనుక, బాలింతకు తొందరపడి ఎంఆర్‌ఐ తీసి జబ్బు ముద్ర వేయడం అన్యాయం. మరోవైపు మన ఇళ్లలో కాన్పు తర్వాతి నడుం నొప్పినంతా ఆపరేషన్‌కు ముందు వెన్నులో ఇచ్చిన మత్తు సూది ఖాతాలో వేసి ఊరుకుంటారు. ఇది మగవాళ్ల జబ్బు అన్న పాత అభిప్రాయం వైద్యుల్లోనూ పూర్తిగా పోలేదు. కానీ ఎక్స్‌రేకు అందని తొలి దశలో స్త్రీలూ పురుషులూ దాదాపు సమానంగానే ఉంటారు. బిడ్డకు ఏడాది నిండినా తల్లి తెల్లవారుజామున నొప్పితో లేచి కూర్చుంటోందంటే సూదిని తప్పుపట్టడం మానేసి రుమటాలజిస్టుకు చూపించాలి.

మన దేశంలో ఈ స్కాన్ చదివేవారు మరచిపోకూడని మరో పేరు క్షయ. క్షయ కూడా శాక్రోఇలియాక్ కీలులో వాపు తెస్తుంది. పచ్చిపాల ద్వారా, పశువుల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ కూడా అంతే. ఎంఆర్‌ఐలో ఇలాంటి ఇన్ఫెక్షన్‌కూ వాతానికీ తేడా పట్టిచ్చే గుర్తులున్నాయి. ఇన్ఫెక్షన్ సాధారణంగా ఒక వైపు కీలుకే వస్తుంది, వాపు ఎముక దాటి పక్కనున్న కండరాల్లోకి పాకుతుంది, చీము గూడు కట్టవచ్చు. వాతం చాలావరకు రెండు వైపులా ఉండి, ఎముక హద్దుల్లోనే ఆగుతుంది. ఈ తేడా పుస్తకాల్లో మాత్రమే అవసరమయ్యేది కాదు. వాతానికి వాడే టీఎన్ఎఫ్ నిరోధక ఇంజెక్షన్లు (వాపును పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునేవి) దాగి ఉన్న క్షయను రెచ్చగొడతాయి. ఒక వైపే వాపు ఉండి, జ్వరం, బరువు తగ్గడం తోడైతే అవసరమైన చోట సూదితో నమూనా తీసి పరీక్షించాకే ముందుకు వెళ్లాలి.

నెగెటివ్ రిపోర్టునూ ఇలాగే జాగ్రత్తగా చూడాలి. ఎంఆర్‌ఐలో వాపు కనిపించనంత మాత్రాన జబ్బు లేదని కాదు. రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ మామూలుగా ఉన్నా జబ్బు ఉండవచ్చు. ఈ జబ్బుతో ముడిపడిన హెచ్ఎల్ఏ-బి27 జన్యువు ఉన్నవారిలో ఎక్కువ మందికి జీవితాంతం ఈ వాతం రాదు, అది లేనివారిలో కొందరికి వస్తుంది. అందుకే ఆసాస్ ప్రమాణాలు కూడా స్కాన్‌ను ఒంటరిగా వదలకుండా రోగి లక్షణాలతో కలిపి లెక్కించాయి. పైగా అవి పరిశోధనల కోసం రోగులను ఒక గుంపుగా ఎంచుకోవడానికి రాసినవి. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి జబ్బు ఉందో లేదో చెప్పే బాధ్యత వైద్యుడిదే.

తెలుగు రాష్ట్రాల్లో రుమటాలజిస్టులు పెద్ద నగరాల్లోనే ఎక్కువగా ఉన్నారు. జిల్లాల్లో నడుం నొప్పి మొదట చేరేది ఎముకల డాక్టరు దగ్గరికో, స్థానిక ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికో. కాబట్టి మార్పు మొదలు కావాల్సింది వారు రాసే చీటీ దగ్గరే. రోగి వయసు నలభై అయిదేళ్ల లోపుండి, మూడు నెలలకు పైగా నొప్పి ఉంటే, పొద్దున్న ఎంతసేపు పట్టేసినట్టుంటుంది, కదిలితే తగ్గుతుందా, కంటి వాపు, సోరియాసిస్, ఇటీవల కాన్పు, కఠిన వ్యాయామం, ఇంట్లో క్షయ వంటివి ఉన్నాయా అన్నది రెండు వాక్యాల్లో రాసి పంపితే రేడియాలజిస్టు అదే మచ్చను వేరే చూపుతో చదువుతాడు. ఇప్పుడు చాలా చీటీల మీద ‘నడుం నొప్పి’ అన్న రెండు మాటలే ఉంటున్నాయి. స్కాన్ కేంద్రాలూ తమ వంతుగా ఈ వయసు వారికి నడుము ఎంఆర్‌ఐ తీసేటప్పుడు శాక్రోఇలియాక్ కీళ్లను చూపే ఒక్క స్టిర్ వరుసను అదనపు రుసుము లేకుండా కలపాలి. కొన్ని కేంద్రాలు ఇప్పటికే ఈ పని చేస్తున్నాయి. అందుకు పట్టేది కొద్ది నిమిషాలే. అందులో అనుమానం కనిపిస్తే పూర్తి శాక్రోఇలియాక్ ఎంఆర్‌ఐకి పంపవచ్చు. రిపోర్టులో కూడా ‘శాక్రోఇలైటిస్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోకుండా వాపు ఏ వైపు, ఎన్ని పొరల్లో, ఎముక కోత ఉందా లేదా అన్నది విడిగా రాయాలి. ఆ వివరాలున్న రిపోర్టు, స్కాన్ సీడీ చేతిలో ఉంటే జిల్లా నుంచి హైదరాబాద్‌కో విశాఖకో వచ్చిన రోగికి మళ్లీ స్కాన్ తీయించుకోవాల్సిన అవసరం చాలాసార్లు తప్పుతుంది.